ఈషా కొట్టని గోలు

"పసుపే," అన్నాడు భార్గవ్, జెర్సీ కాలరును కిటికీ వెలుతురులోకి లాగి. "పసుపు గాక ఇంకేంది? పోపు పెట్టిన చేత్తోనే మడతలు పెట్టి ఉంటవ్."

"పరాయివాళ్ళ బట్టలు చేతులు కడుక్కోకుండా ముట్టుకునే అలవాటు నాకు లేదు," అంది ప్రవీణ.

"మరెట్ల వచ్చింది?"

"ఆ మరకనే అడగండి."

సోఫాలో ఫోను చూసుకుంటున్న భాస్కర్ రావు తల ఎత్తాడు. ఆయన భార్గవ్ తండ్రి. జగిత్యాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన మనిషి, మూడు నెలల వీసా మీద జర్మనీ వచ్చి నెలయింది. "ఏందిరా, ఒక్క మరకకు గింత లొల్లా? మీ అమ్మ ఉంటే ఈపాటికి ఉతికి ఆరేసేది," అన్నాడు.

"ఉతికాను మామయ్యా. ఉతికినా పోలేదు, అదే గొడవ."

ఆ జెర్సీ వాళ్ళది కాదు. డెగ్గెన్‌డార్ఫ్‌కి పదిహేను నిమిషాల దూరంలో, దోనౌ నది పక్కనున్న ఊళ్ళో వీళ్ళ కాపురం. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో పన్నెండేళ్ళ ఆడపిల్లల టీము ఒకటుంది. అందులో వీళ్ళమ్మాయి ఈషా ఆడుతుంది. టీముకి పద్నాలుగు జెర్సీలు, ఒక నీలం సంచి. ప్రతి మ్యాచ్ తర్వాత ఒక ఇంటివాళ్ళు ఆ పద్నాలుగూ ఉతికి, లెక్కచూసి, శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసుకి అందజేయాలి. నలభై డిగ్రీల నీళ్ళు, సువాసన ద్రవాలు వాడకూడదు, ఇస్త్రీ అక్కర్లేదు. ఏ వారం ఎవరి వంతో ట్రైనర్ ఆంద్రెయా ఏడాదికోసారి పట్టీ పంపుతుంది; ఈ వారం వీళ్ళది. ఈ దేశంలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడక్కుండా తన చేతికి వచ్చిన పని ఇదొక్కటేనని ప్రవీణ నవ్వుతూ అంటుంది గానీ, ఆ పని ఆమె నవ్వులాటగా చేయదు. మొదటిసారి సంచి ఇంటికి వచ్చినప్పుడే భార్గవ్ హెచ్చరించాడు: "తెల్ల జెర్సీలు, జాగ్రత్త. ఒక్క పసుపు చుక్క పడిందంటే రెండేండ్లు చెప్పుకుంటరు." రెండేళ్ళయింది, చుక్క పడలేదు. అందుకే ఆమెకంత రోషం.

స్నానాల గదిలోంచి సబ్బుబిళ్ళ తెచ్చింది. తడిచేసి మరక మీద గట్టిగా రుద్దింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కలిపిన ప్రతి చేతికీ తెలిసిన సంగతే ఇది. ప్రవీణ తెనాలి కాలేజీలో బీయస్సీ కెమిస్ట్రీ చదివింది గనక దాని వెనకున్న క్షారం సంగతి కూడా తెలుసు. ముగ్గురూ కాలరు మీదికి వంగి చూశారు. నురగ తెల్లగా వచ్చింది, తెల్లగానే ఉంది. మరక మాత్రం ఉన్నచోటనే, ఉన్న రంగులోనే ఉంది.

"చూశారా?"

"సరే, పసుపు కాదు. మరేంది?"

అది ఆమెకూ తెలియదు. టీ చుక్క పడ్డ గోధుమపిండిలా లేత రంగు, వేలికి జిడ్డుగా తగులుతోంది. కాలరు చుట్టూ లోపలివైపు పట్టేసింది. ఆ జెర్సీ వీపు మీద అంకె పద్నాలుగు. పద్నాలుగు ఈషా నంబరు.

"శనివారం ఈషాకి నూటరెండు జ్వరం," అంది ప్రవీణ నెమ్మదిగా. "మ్యాచ్‌కే పోలేదు. దుప్పటి కప్పుకుని మిరియాల చారు తాగింది. వేసుకోని జెర్సీకి మరకెక్కడిది? నిన్న క్లబ్బువాళ్ళు ఇచ్చిపోయిన సంచి విప్పినప్పుడు దీని అంచుదాకా బురద కూడా ఉంది."

"ఎవరో వేసుకుంటరు. పిల్లలు నంబర్లు చూస్కుంటరా?" అంటూ భార్గవ్ లేచి వెళ్ళిపోయాడు. ఓడినవాడు ఓడినట్టు ఒప్పుకోకుండా లేచిపోవడం ఆ ఇంట్లో మామూలే.

ప్రవీణ జెర్సీని బాల్కనీలో ఎండకు ఆరేసింది. పసుపైతే ఎండకైనా పోవాలి. మర్నాటికీ పోలేదు.

*

మంగళవారం మెట్ల మీద కింది వాటాలో ఉండే పెద్దావిడ ఎదురైంది. ఆవిడ మనవరాలు కూడా ఆ టీములోనే ఉంది. "మీ ఈషా గోలుకి అభినందనలు! నెట్‌లో చదివాను," అంది.

జర్మనీ మర్యాద ప్రకారం ప్రవీణ ముందు థాంక్స్ చెప్పేసింది. నాలుగు మెట్లెక్కాక ఆగింది. ఏ గోలు? ఈషా నాలుగు వారాలుగా గోలు కొట్టలేదు. పోనీ ఇంకో పిల్లనుకుని పొరబడిందా అంటే, ఆ టీములో ఈ రంగు పిల్ల ఇంకొకతె లేదు.

బుధవారం మధ్యాహ్నం టీము తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. పంపింది ష్టాడ్లర్. క్లబ్బులో పిల్లల విభాగానికి ఇరవై ఏళ్ళుగా పెద్ద ఆయనే. ఊళ్ళో కుళాయిలు, పైపుల దుకాణం ఉంది. వీళ్ళు వచ్చిన కొత్తలో ముందుగా చెయ్యి కలిపినవాడు, భార్గవ్ మెడలో క్లబ్బు మఫ్లరు వేసినవాడు. ఆయన రాసినదాని సారం ఇది: శనివారం మనం మూడు-రెండుతో గెలిచిన మ్యాచ్‌ని ఫెర్బాండ్ రద్దు చేసింది. అర్హత లేని క్రీడాకారిణిని ఆడించామట. ఈషా విదేశీ కాగితాల గురించి వచ్చిన పేచీ. ఆమెకు రెండు మ్యాచులు నిషేధం. కుర్చీల్లో కూర్చున్న ఆ పెద్దమనుషుల సంగతి మీకు తెలిసిందే. పోట్లాడి లాభం లేదు. పిల్లలూ, తలెత్తుకుని ఉండండి.

కింద వరసగా కోపం బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు. "పాపం పిల్ల! ఫెర్బాండ్ అంటేనే అవినీతి ఊబి," అని ఒకరు. "ఎప్పుడూ ఇంతే," అని ఇంకొకరు. "ఆ కాగితాలేవో ముందే సరిచూసుకుని ఉండాల్సింది," అని ఒక తండ్రి. ఈ చివరి మాటను ప్రవీణ రెండుసార్లు చదివింది.

ఆఫీసు నుంచి వచ్చిన భార్గవ్ చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "నే చెప్తలేనా? దొంగలు. మన పిల్ల ఇండియాది గనుక దొరికింది వాళ్ళకు."

ఫెర్బాండ్ అంటే ఆ చుట్టుపక్కల లీగులన్నిటినీ నడిపే సంఘం. దోనౌ లోయ ఫెర్బాండ్ అని బోర్డు. దాన్ని తిట్టడం ఆ ఊళ్ళో వాతావరణం గురించి మాట్లాడుకోవడం లాంటిది. మ్యాచ్ తేదీలు మార్చేది అదే, ఎందుకు మార్చిందో చెప్పదు. ఎవరో పొగబాణం వెలిగిస్తే క్లబ్బు మొత్తానికి జరిమానా వేసేది అదే. కిందటేడు చివరి మ్యాచ్‌లో చెల్లని గోలు చెల్లిందని చెప్పి, వీడియో చూపించమంటే ఒక్క వాక్యంలో ఉత్తరం రాసింది: నిర్ణయం అంతిమం. భార్గవ్ ఆ వాక్యాన్ని జర్మన్‌లోనే వల్లించగలడు.

ప్రవీణ అలమరలోంచి నీలం ఫైలు తీసింది. రెండేళ్ళ కిందట ఈషాని చేర్పించినప్పుడు, వేరే దేశం నుంచి వచ్చిన పిల్ల గనక ప్రత్యేక అనుమతి కావాలన్నారు. జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, ఇంటి చిరునామా నమోదు చేసిన ఆన్‌మెల్డుంగ్ కాగితం, భార్గవ్ ఉద్యోగ ఒప్పందం, అన్నీ కలిపి పదకొండు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, వరస నంబరు వేసి ఇచ్చింది. అనుమతి ఉత్తరం ముద్రతో సహా నాలుగో కవరులో ఉంది.

"కాగితాల్లో లోపం లేదు," అంది. "లోపం ఉందని ఎవరో అబద్ధం చెప్తున్నారు. ఫెర్బాండో, ష్టాడ్లరో."

"ఫెర్బాండే. అది ఎప్పుడు నిజం చెప్పింది?"

అంతలో గదిలోంచి ఈషా ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఇది చూడు. లీగ్ వెబ్‌సైట్‌లో ఉంది. ఐ స్కోర్డ్."

శనివారం మ్యాచ్ నివేదిక అది. ముప్ఫై ఒకటో నిమిషంలో పద్నాలుగో నంబరు ఈషా మైదానంలోకి. యాభై రెండో నిమిషంలో గోలు, ఈషా.

"మంచంలో పడుకుని కొట్టానా?" అంటూ పిల్ల ముందు నవ్వింది. తర్వాత నవ్వలేదు. "స్కూల్లో లీనా అడిగింది, బిస్ట్ దూ ఐనె ష్విండ్లెరిన్ అని. మోసం చేశానా అని, అమ్మా! నేను అసలు వెళ్ళనే లేదు. నా పేరు తీసేయించవా?"

భాస్కర్ రావు ఫోను పక్కన పెట్టాడు. అంతదాకా ఆయన ఈ గొడవలో పెద్దగా కల్పించుకోలేదు. "ఎవరో పెద్దపిల్లను దింపిన్రు," అన్నాడు. "మన పిల్ల పేరు మీద ఆడించిన్రు. అవతలోళ్ళు గుర్తుపట్టి కంప్లైంటిచ్చిన్రు. గంతే."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు మామయ్యా?"

"నేను చేసిన గనుక."

ప్రవీణ చేతిలో ఫైలు మూసింది.

"పద్దెనిమిదేండ్లు జిల్లా కబడ్డీ అసోసియేషన్ల జాయింట్ సెక్రటరీని. అండర్ సిక్స్‌టీన్ పోటీలకు పంతొమ్మిదేండ్లోణ్ణి దించిన, జితేందర్ అనే పిలగాని సర్టిఫికెట్ మీద. కప్పు మనకే వచ్చింది. దండలు కూడా వేసిన్రు. మల్లేడాది అసలు జితేందర్ సెలెక్షన్లకు వచ్చిండు. రిజిస్టర్ల వాని పేరు మీద కంప్లైంటుంది. 'నీ పేరు ఖరాబైంది, పో' అని పంపించిన. నేనే పంపించిన." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వాడు మల్ల గ్రౌండుకు రాలే. అసోసియేషనోళ్ళను నేనెందుకు నమ్మనంటే, నేనే అసోసియేషనోణ్ణి గనుక."

"ఇదెప్పుడూ చెప్పలేదేంది నాన్నా?" అన్నాడు భార్గవ్.

"నువ్వడిగినవా?"

భార్గవ్ కాసేపు గోడ మీద తగిలించిన మఫ్లరు వైపు చూశాడు. "ష్టాడ్లర్ అట్లాంటోడు కాదు," అన్నాడు చివరికి.

"ఫెర్బాండ్ అలాంటిదేనని మాత్రం చూడకుండానే తెలిసిందా?" అంది ప్రవీణ.

ఆమె ఫోను తీసి శనివారం ఉదయం తను ఆంద్రెయాకి పంపిన సందేశం వెతికింది. ఎనిమిదీ పదికి పంపింది: ఈషాకి జ్వరం, రాదు. ఎనిమిదీ పన్నెండుకి జవాబు: త్వరగా కోలుకోవాలి. పక్కన ఒక పువ్వు బొమ్మ. ఈషా రాదని ట్రైనర్‌కి తెలుసు. తెలిసీ ఆడేవాళ్ళ పట్టీలో పేరు రాశారు. మ్యాచ్ బయటి ఊళ్ళో, చూడ్డానికి వెళ్ళిన తల్లిదండ్రులు తక్కువ. ఆ వయసు పిల్లల మ్యాచ్‌కి రిఫరీ కూడా ఎవరో ఒక తండ్రే ఉంటాడు. కార్డుల మీది ఫోటోలు పోల్చి చూసే ఓపిక ఎవరికుంటుంది?

*

గురువారం సాయంత్రం క్లబ్బు పెద్దల టీము మ్యాచ్. ఆదివారం జరగాల్సినదాన్ని ఫెర్బాండ్ పని రోజున ఆరున్నరకి మార్చింది. కారణం చెప్పలేదు. సగం మంది పనుల్లోంచి నేరుగా వచ్చారు, సిమెంటు దుమ్ముతో, ఆసుపత్రి బూట్లతో. స్టాండు ముందు పాత దుప్పటి మీద రంగుతో రాసి కట్టారు: "మీరు ఎవరి కోసం నడుపుతున్నారు?"

ప్రవీణ ఎప్పుడూ మైదానానికి రాదు. ఈసారి వచ్చింది. భార్గవ్ ఆశ్చర్యపోయాడు గానీ అడగలేదు.

స్టాండులో మనుషులు మంచివాళ్ళే. ఒక్కొక్కరూ వచ్చి భార్గవ్ భుజం తట్టారు. "నీ తప్పు కాదు బాగీ," అన్నారు. భార్గవ్ పేరు అక్కడ బాగీ అయింది. ఒక ముసలాయన ఈషా చేతిలో చాక్లెట్టు పెట్టి, ఫెర్బాండ్ పుట్టుపూర్వోత్తరాలన్నీ కడిగేశాడు. ఆ జాలికి ప్రవీణ కళ్ళు చెమర్చాల్సింది. చెమర్చలేదు. ఇంతమందిలో ఒక్కరు కూడా "ఏ కాగితం లేదన్నారు?" అని అడగలేదని ఆమె గమనించింది. ఫెర్బాండ్ తప్పు చేసిందంటే చాలు, ఏం తప్పు చేసిందో ఎవరికీ అక్కర్లేదు.

ఆట మధ్యలో ఫెర్బాండ్‌కి వ్యతిరేకంగా నినాదాలు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా అరిచింది ష్టాడ్లర్. అరిచి, ఎర్రబడ్డ మొహంతో దిగి వచ్చి, ప్రవీణ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకెంత బాధగా ఉందో చెప్పలేను. ఆ పెద్దమనుషులు..."

"ఏ కాగితం లేదన్నారు?" అని అడిగింది ప్రవీణ. ఆమె జర్మన్ నిదానంగా నడుస్తుంది గానీ తడబడదు.

"అదొక పెద్ద చిక్కు. అంతర్జాతీయ వ్యవహారం."

"అనుమతి ఉత్తరం నా దగ్గరుంది. దాంట్లో ఏది తక్కువ?"

"మీకు తెలీదు వాళ్ళ సంగతి," అని ష్టాడ్లర్ నవ్వి చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. ఆయనకి ఆ తలలు చాలు. ఇంకొకరిని పలకరించడానికి వెళ్ళిపోయాడు.

నీళ్ళసీసా కోసం ప్రవీణ పానీయాల బల్ల దగ్గరికి వెళ్ళింది. అమ్ముతున్నది లియోనీ, పదిహేనేళ్ళ ఆడపిల్లల టీములో ఆడే అమ్మాయి. పొడుగ్గా, అందంగా ఉంది. మొహానికి రంగు క్రీము పట్టించింది, దవడ కింద గీత గీసినట్టు ఆగిపోయింది. తెల్ల చొక్కా కాలరు లోపలి అంచున అదే రంగు అంటుకుని ఉంది. టీ చుక్క పడ్డ గోధుమపిండి.

ప్రవీణ చూసీ చూడనట్టు చిల్లర వెతుక్కుంది.

"ఈషాకి జ్వరం తగ్గిందా?" అంది లియోనీ, ఏదో ఒకటి అనాలన్నట్టు.

"జ్వరమని నీకెవరు చెప్పారు?"

ఆ పిల్ల మెడ నుంచి చెవులదాకా, సబ్బు తగిలిన పసుపులా ఎర్రబడింది. క్రీము కింద నుంచి కూడా తెలిసింది. ప్రవీణ సీసా తీసుకుని, "తగ్గింది," అని చెప్పి వచ్చేసింది. పదిహేనేళ్ళ పిల్ల. పెద్దవాళ్ళు ఆడమంటే ఆడింది. దాన్ని అక్కడ నలుగురిలో నిలబెట్టి అడగడానికి ఆమెకి మనసు రాలేదు.

ఇంటికి నడుస్తుండగా ఆ సంగతంతా భార్గవ్‌కి చెప్పింది. అతను విన్నాడు. మఫ్లరు మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "అనుమానమే గదా," అన్నాడు. "క్రీము ఊళ్ళె అందరు పిల్లలూ పూసుకుంటరు."

"జ్వరం సంగతి?"

అతను నడక వేగం పెంచాడు.

*

శుక్రవారం పొద్దున ప్రవీణ నీలం ఫైలు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి డెగ్గెన్‌డార్ఫ్ వెళ్ళింది. ఫెర్బాండ్ కార్యాలయం బ్యాంకు పైన రెండో అంతస్తులో ఉంది. పిల్లల లీగు చూసే అధికారి అరవై దాటిన మనిషి, జీతం లేకుండా చేస్తాడట. బల్ల మీద కాగితాలు అంచులు కలిపి సర్ది ఉన్నాయి. ఆ పొందిక చూసి ప్రవీణకి క్షణంపాటు ఆయన మీద నమ్మకం కలిగింది. తనెవరో, ఎందుకొచ్చిందో చెప్పి ఫైలు బల్ల మీద పెట్టింది.

ఆమె ఫైలు తెరవకముందే ఆయన అన్నాడు: "మీ పాప తప్పేమీ లేదు. నాకు తెలుసు."

ప్రవీణ చెయ్యి కవరు మీదే ఆగిపోయింది. "నేనింకా ఏమీ చెప్పలేదు."

"హాన్సీ మాట్లాడాడు నాతో." హాన్సీ అంటే హాన్స్, హాన్స్ అంటే ష్టాడ్లర్.

"అయితే కాగితాల గొడవ కాదన్నమాట."

"కాగితాలా? లేదు లేదు, కాగితాలు భేషుగ్గా ఉన్నాయి."

"మరి నిషేధం మా అమ్మాయి పేరు మీద ఎందుకుంది?"

"పట్టీలో ఉన్న పేరు అదే. నేను పట్టీ చూసి నిర్ణయిస్తాను. క్లబ్బు ఒప్పుకుంది, ఎవరూ అప్పీలు చేయలేదు. ఇంతటితో ముగిస్తే అందరికీ శాంతి." ఆయన గొంతు తగ్గించాడు. "అసలు ఆడిందెవరో రాస్తే ట్రైనర్‌కి, హాన్సీకి ఏడాది నిషేధం. ఇరవై ఏళ్ళ సేవ, అమ్మా! అర్థం చేసుకోండి. మీ పాపకి రెండు మ్యాచులే. తర్వాత వేసవి. అందరూ మర్చిపోతారు."

"ఊళ్ళో మిమ్మల్ని తిడుతున్నారు, మా అమ్మాయి కాగితాలు అడ్డం పెట్టి మ్యాచ్ లాక్కున్నారని. నిజం కాదని మీరెందుకు చెప్పరు?"

"మేం నిర్ణయాలకి వివరణ ఇవ్వం," అన్నాడాయన. గర్వంగా కాదు, అలవాటుగా. "ఎలాగూ తిడతారు."

మెట్లు దిగుతుంటే స్టాండు ముందు దుప్పటి మీద రాసిన 'ఎవరి కోసం' అన్న మాట ప్రవీణకి గుర్తొచ్చింది. ఆ ప్రశ్నలో తప్పులేదు. అడిగినవాళ్ళ మధ్య నిలబడి అరిచిన ష్టాడ్లర్‌కి మాత్రం జవాబు ముందే తెలుసు. వీళ్ళేమో చెప్పరు, వాళ్ళేమో అడగరు. ఈ సందులో దూరిపోయింది ఒక పన్నెండేళ్ళ పిల్ల పేరు.

కింద తలుపుదాకా వెళ్ళినామె ఆగి, తిరిగి పైకి ఎక్కింది. కౌంటరు దగ్గరున్న అమ్మాయిని ఒక ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయి కంప్యూటరులో చూసి చెప్పింది. ప్రవీణ దాన్ని చీటీ మీద రాసుకుంది, ఒకటికి రెండుసార్లు చదివి వినిపించి సరిచూసుకుంది.

*

ఆ సాయంత్రం నీలం సంచి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. భోజనానికి టమాటా పప్పు, బెండకాయ వేపుడు, అప్పడాలు.

"తిన్నాక సంచి ఇచ్చొస్త," అన్నాడు భార్గవ్. "ఆంద్రెయా ఏడు దాకా ఉంటది."

"ఇవ్వండి. పదమూడున్నాయి."

అతను ముద్ద ఆపాడు. "పద్నాలుగు గదా?"

"పద్నాలుగోది నా అలమరలో ఉంది."

"ప్రవీణా, అది క్లబ్బు ఆస్తి. దొంగతనమంటరు."

"సంచిలో చీటీ పెట్టాను. పద్నాలుగో నంబరు నా దగ్గరుంది, ఎందుకుంచుకున్నానో మంగళవారం తెలుస్తుందని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను."

పొద్దున ఆఫీసులో జరిగింది మొత్తం చెప్పింది, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా. 'హాన్సీ' అన్న పేరు వచ్చినప్పుడు భార్గవ్ మొహం ఎలా మారిందో చూసింది గానీ ఆగలేదు. భాస్కర్ రావు అప్పడం విరిచి, తినకుండా కంచంలో పెట్టాడు.

"ఈ ఊళ్ళె నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ స్టాండొక్కటే," అన్నాడు భార్గవ్. "ఆఫీసుల నేను ఒక ఐడీ కార్డు. అక్కడ బాగీని. ఇది బయటపడితే ఎవడు భుజం మీద చెయ్యేస్తడు?"

"తెలుసు," అంది ప్రవీణ. మెత్తగానే అంది. "మీ పేరు మీకెంతో, దాని పేరు దానికంత. మిమ్మల్ని పిలవడం మానేస్తారేమోనని మీ భయం. దాన్ని పిలుస్తారు, ష్విండ్లెరిన్ అని."

ఈషా కంచంలోకి చూస్తూ కూర్చుంది. అతను కూతురి వైపు చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"జితేందర్‌కు ఎవ్వరూ లేకుండిరి," అన్నాడు భాస్కర్ రావు, ఎవరితోనూ కాకుండా. తర్వాత కోడలితో, "నేను గూడ వస్త బిడ్డా. భాష రాదు. పక్కకు కూసుంట," అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు భార్గవ్. "ఏం చేద్దామని నువ్వు? ఆ ఫెర్బాండోళ్ళనే నమ్ముకుంటున్నవా? వాళ్ళే గదా దాచిపెట్టింది!"

ప్రవీణ చెయ్యి కడుక్కుని వచ్చి, చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ అధికారికి పైన ఫెర్బాండ్‌లో ఒక విచారణ సంఘం ఉందట. మైనరు పిల్ల పేరు మీద నిర్ణయం ఉంటే, క్లబ్బు అడగకపోయినా తల్లో తండ్రో వెళ్ళి వాంగ్మూలం ఇవ్వొచ్చట. మంగళవారం నాలుగింటికి టెర్మిన్ తీసుకున్నాను. వాళ్ళని నమ్మి కాదు. అందుకే జెర్సీ పోస్టులో పంపను, చేత్తో తీసుకెళ్తాను. తీసుకున్నట్టు సంతకం పెట్టిస్తేనే వదుల్తాను. మరక ఫోటోలు, ఎనిమిదీ పది సందేశం, అనుమతి ఉత్తరం, అన్నిటికీ రెండేసి నకళ్ళు. ఒకటి వాళ్ళకి, ఒకటి మనకి. నిర్ణయం కారణంతో సహా కాగితం మీద రావాలి, అది గ్రూపులో నేనే పెడతాను. రేపు పొద్దున ష్టాడ్లర్ దుకాణానికి వెళ్ళి ఆయన మొహం మీదే ఈ సంగతి చెప్తాను. వెనకనుంచి తెలిసిందనిపించుకోను."

"లియోనీ?" అంది ఈషా చిన్నగా.

"ఆ పిల్ల పేరు నేను రాయను. అదీ పిల్లే. ఎవరిని దింపారో దింపినవాళ్ళు చెప్పుకోవాలి."

"మరేం రాస్తవు?" అన్నాడు భార్గవ్. ఈసారి అతని గొంతులో వాదన లేదు, అడగడమే ఉంది.

"రెండు వాక్యాలు. తప్పులుంటే మీరు దిద్దుదురు గాని," అంది ప్రవీణ. "ఆ శనివారం మా అమ్మాయి ఆడలేదు. ఆ గోలు మాది కాదు."